కొబ్బరితోటలో పాపిడి

మా ఇంటి డాబా ఎక్కి చూస్తే మా కొబ్బరితోట నడినెత్తిన పాపిడి తీసినట్టు ఒక చార కనిపిస్తుంది. దానికి రెండు వైపులా మట్టలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పట్టపగలు కూడా కింద చీకటిగానే ఉంటుంది గానీ, ఆ చార మీద మాత్రం ఎండ నేరుగా నేల మీద పడుతుంది. అక్కడ చెట్టు లేదు, పాక లేదు, బోరు లేదు. కింద ఉక్కు గొట్టంలో సహజవాయువు పోతోంది. తోటంతటిలో ఎండ తగిలే చోటు అదొక్కటే కావడంతో మా మామ్మ ప్రతి వేసవిలోనూ అక్కడే చాప పరిచి మిరపకాయలూ ఒరుగులూ ఎండబెట్టేది. చాప చివర నాలుగు కొబ్బరి చిప్పలు బోర్లించి, కాకులు రాకుండా నన్ను కాపలా కూర్చోబెట్టేది. గ్యాస్ లైను గురించి నాకున్న మొట్టమొదటి జ్ఞాపకం మిరపకాయల ఘాటు.

మాది కోనసీమలో, వైనతేయ పాయకు పడమటి ఒడ్డున, మామిడికుదురు మండలంలో ఒక చిన్న ఊరు. ఈ నేల కింద గ్యాస్ ఉందని తెలుసుకోవడం 1978లో నరసాపురం దగ్గర తవ్విన బావితో మొదలయింది. ఆ తరువాత రాజోలు, తాటిపాక, పాసర్లపూడి, మోరి, కేశనపల్లి, ఇలా వరిచేల మధ్యా కొబ్బరితోటల మధ్యా రిగ్గులు లేచాయి. వాటి వెనుకే గ్యాస్ కలెక్షన్ స్టేషన్లు, వాటిని కలుపుతూ నేలలో గొట్టాలు, 2001లో తాటిపాకలో ఒక చిన్న రిఫైనరీ వచ్చాయి. సముద్రంలో ఎస్.యానాం ఎదుట రవ్వ క్షేత్రం, కాకినాడకు దిగువన గాడిమొగ తీరానికి 2009 ఏప్రిల్ నుంచి వచ్చి చేరుతున్న కేజీ డీ6 (కృష్ణా గోదావరి బేసిన్ సముద్ర క్షేత్రం) గ్యాస్, ఓడలరేవు టెర్మినల్, 2024 జనవరిలో లోతు సముద్రంలోని క్షేత్రం నుంచి ఓఎన్‌జీసీ మొదలుపెట్టిన చమురు ఉత్పత్తి, ఇవన్నీ ఆ కథకు కొనసాగింపే. దీనివల్ల మాకు ఏమీ రాలేదని నేను అనను. మా పెదనాన్నగారి అబ్బాయి ఇరవై ఏళ్లు రిగ్గుల మీద కాంట్రాక్టు పనిచేసి ఇల్లు కట్టాడు. ఇక్కడి గ్యాస్‌తో విజ్జేశ్వరంలో, జేగురుపాడులో కరెంటు పుట్టింది, కాకినాడలో యూరియా తయారయింది, ఆ యూరియా బస్తాలు మళ్లీ మా పొలాలకే వచ్చాయి. నా బాధ వేరే చోట ఉంది. ఈ నలభై ఏడేళ్లలో ఏ నష్టం జరిగినా, అది జరిగిందని రుజువు చేయవలసిన భారం ఎప్పుడూ నష్టపోయినవాడి మీదే పడింది.

1995 జనవరి 8న పాసర్లపూడి 19వ నంబరు బావిలో బ్లోఅవుట్ జరిగినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. దేవర్లంక దగ్గర నేలలోంచి ఎగదన్నిన గ్యాస్ అంటుకుని, ఆ మంట మార్చి నడుమ దాకా, మొత్తం 65 రోజులు మండింది. అన్నాళ్లూ మా ఊళ్లో రాత్రి అన్నది లేదు. వాకిట్లో కూర్చుంటే దీపం లేకుండానే అక్షరాలు కనిపించేవి. కోళ్లు వేళ కాని వేళ కూసేవి. మంట కన్నా నాకు ఎక్కువ గుర్తున్నది దాని హోరు. మొదటి రెండు మూడు రోజులు ఆ హోరుకు నిద్రపట్టలేదు, ఆ తరువాత అలవాటైపోయింది. చివరకు విదేశీ నిపుణులు వచ్చి మంటను ఆర్పిన రాత్రి ఊరంతా నిశ్శబ్దమైపోయి ఎవరికీ నిద్రపట్టలేదు. ఖాళీ చేయించిన కుటుంబాలు స్కూళ్లలో తలదాచుకుంటే, దూరపు ఊళ్ల నుంచి జనం తీర్థానికి వచ్చినట్టు మంటను చూడటానికి వచ్చారు. ఆ నష్టాన్ని ఎవరికీ ఎవరూ రుజువు చేయవలసిన అవసరం లేకపోయింది. ఎంతో దూరం నుంచి కూడా అది కనిపించేది.

కంటికి కనిపించని నష్టం సంగతి చట్టంలో చూడాలి. పెట్రోలియం గొట్టాల కోసం భూమిలో వినియోగ హక్కు తీసుకునేందుకు 1962లో చేసిన చట్టం ఒకటి ఉంది. దాని ప్రకారం భూమి యజమాని పేరునే ఉంటుంది, పట్టా పాసుపుస్తకం మారదు. కానీ ఆ చార మీద అతను ఇల్లు కట్టకూడదు, చెరువు గానీ బావి గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. ఇందుకు ప్రతిగా, పని జరిగేటప్పుడు పోయిన పంటకూ చెట్లకూ ఇచ్చే డబ్బు కాక, నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం ఒక్కసారి చెల్లిస్తారు. వరి చేను అయితే గొట్టం పూడ్చిన మరుసటి సార్వాకే మళ్లీ ఊడ్చుకోవచ్చు. కొబ్బరి అలా కాదు. మొక్క నాటిన ఆరేడేళ్లకు కాపుకొచ్చి, అరవై ఏళ్లు పైనే కాస్తుంది. మా తాత నాటిన చెట్లకు నేను కాయలు దింపించాను. మా తోటలో కొట్టేసినవి రెండు వరుసల చెట్లు. పోయినది మాత్రం ఆ చోట మూడు తరాలు నాటగలిగే చెట్లు. ఆ లెక్కకు చట్టంలో గడి లేదు. కొలతలకు వచ్చిన సర్వేయరు మా నాన్నగారితో, "భూమి మీదేనండి, ఎక్కడికీ పోదండి, అడుగునుంచి లైను వెళ్తాదంతే" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అయినా ఆ రోజు తరువాత నాన్నగారు ఆ చారను ఎన్నడూ "మన తోట" అనలేదు, "లైను" అనేవారు.

2009లో ఒక వానాకాలం, ఆ లైను పక్కనున్న బోదెలో నీటి మీద నూనె తెరలాంటిది కనిపించింది. పొద్దున్నే గాలి ఆడనప్పుడు కిరసనాయిలును తలపించే వాసన. వంట గ్యాస్ సిలిండరు లీకైతే వచ్చే ఘాటు వాసన వేరు. అది మనిషికి తెలియడం కోసం కావాలని కలిపే రసాయనం వాసన. బావి నుంచి వచ్చే ముడి గ్యాస్‌లో అది ఉండదు, గ్యాస్‌తో పాటు వచ్చే కండెన్సేట్ అనే తేలిక నూనె వాసన మాత్రమే ఉంటుంది, అదీ గాలి వీస్తే చెదిరిపోతుంది. నాన్నగారు కాగితం రాసుకుని వెళ్లారు. లైను వేసిన సంస్థ కార్యాలయంలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "బాబాయిగారూ, వాసనకి ఆధారం ఏం చూపిస్తారండి? మా వాళ్లు వచ్చినప్పుడు రాలేదంటున్నారు కదా" అన్నారట. నాన్నగారు మరునాడు ఒక గాజు సీసాలో బోదె నీళ్లు పట్టుకెళ్లారు. ఆ నీళ్లు ఆ బోదెలోవే అనడానికి సాక్ష్యం ఏమిటని అడిగారు. అడిగిన కుర్రవాడిది చెడ్డ మనసని నేను అనుకోవడం లేదు. అతని చేతిలో ఉన్న ఫారంలో ఆ ప్రశ్న ఉంది. నీళ్లను పరీక్షించే పరికరం, గొట్టంలో ఒత్తిడి చూపే మీటరు, గొట్టం లోపలి తనిఖీ నివేదిక, మూడూ ఒక పక్షం దగ్గరే ఉన్నాయి. రెండో పక్షం దగ్గర ఉన్నది ఒక ముక్కు, ఒక సీసా. ఆ సీసా చాలాకాలం మా అటక మీద ఉండేది.

2014 జూన్ 27 తెల్లవారుజామున, మాకు కాస్త దూరంలోనే ఉన్న నగరంలో ప్రభుత్వ గ్యాస్ సంస్థ గెయిల్ గొట్టం పేలింది. మా మండలంలోని ఊరి పేరే నగరం, బయటివారు పొరపాటు పడతారని చెబుతున్నాను. తాటిపాక నుంచి విజయవాడ దగ్గరి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తీసుకుపోయే 18 అంగుళాల గొట్టం అది. అందులోంచి కారిన గ్యాస్ ఇళ్ల మధ్య పరుచుకుని, ఊరు లేచి పొయ్యి వెలిగించే వేళకు అంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు, వారిలో పసిపిల్లలూ ఉన్నారు. అంతకుముందే వాసన వస్తోందని చెప్పామని ఊరివారు ఆ రోజు ఏడుస్తూ చెప్పిన మాటలు పత్రికల్లో వచ్చాయి. చదువుతున్నప్పుడు నాకు అటక మీది సీసా గుర్తుకొచ్చింది.

విచారణలో తేలిన కారణం అర్థం చేసుకోవడానికి ఇంజినీరింగ్ చదవనక్కర్లేదు. ఆ గొట్టం వేసింది తేమ తీసేసిన పొడి గ్యాస్ కోసం. అందులో పోయింది నీరూ కండెన్సేటూ కలిసిన తడి గ్యాస్. గ్యాస్‌లో కొంత బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. అది నీటితో కలిస్తే పలుచని ఆమ్లమవుతుంది. గొట్టం వంపు తిరిగి పల్లమైన చోట ఆ నీరు నిలిచి, ఉక్కును లోపలి నుంచి కొద్దికొద్దిగా తినేస్తుంది. పైనుంచి చూస్తే గడ్డి పచ్చగానే ఉంటుంది. గ్యాస్ నుంచి తేమను తీసే యూనిట్ పెట్టి ఉంటే ఆ ఉక్కు అలా అరిగిపోయేది కాదు. అంటే తెల్లవారుజామున ఊరివాళ్ల ముక్కుకు తగిలింది ఏళ్ల తరబడి లోపల జరుగుతూ వచ్చిన పనికి చివరి గుర్తు. వాళ్లు చెప్పింది నిజమేనని రుజువు కావడానికి వాళ్లే కాలిపోవలసి వచ్చింది. ఈ వాక్యాన్ని ఇంతకన్నా మెత్తగా రాయడం నాకు చేతకాలేదు.

నాలుగు రోజుల తరువాత నేను నగరం వెళ్లాను. చనిపోయినవారి కుటుంబాలకు ఒక్కొక్కరికి 25 లక్షల పరిహారం అప్పటికే ప్రకటించారు. ఇళ్లు గోడలతో మిగిలాయి. రోడ్డు పక్కన కొబ్బరిచెట్లు నిలబడే ఉన్నాయి గానీ, మట్టలు కాలి కిందికి వేలాడుతున్నాయి. కొబ్బరికి కొమ్మలు లేవు, చిగురు వచ్చేది నెత్తిన ఉండే ఒక్క మొవ్వలోంచే. మొవ్వ కాలితే చెట్టు ఆ క్షణానే చచ్చినట్టు, కానీ మాను మాత్రం నెలల తరబడి నిటారుగా నిలబడి ఉంటుంది. మా దింపు కార్మికుడు ఒక చెట్టు మొదట్లో కత్తి మడమతో కొట్టి, చెవి పెట్టి విని, "ఇది పోయిందండి" అన్నాడు. తరువాతి చెట్టు దగ్గరకు వెళ్లి అలాగే కొట్టాడు. ఆ వరుస మొత్తం అలా కొట్టుకుంటూ వెళ్లాడు. అతను అన్న మాట మారలేదు.

ఆ వేసవి నుంచి మామ్మ లైను మీద చాప పరవలేదు.

సముద్రం మీద బతికేవారి సంగతి ఇంకా కష్టం, ఎందుకంటే వారికి చూపించడానికి గట్టు కూడా లేదు. సముద్రంలో నిలబెట్టిన ప్రతి కట్టడం చుట్టూ 500 మీటర్ల రక్షణ వలయం ఉంటుంది, అందులోకి వేట నావ పోకూడదు. ఉక్కు కాళ్ల చుట్టూ నాచు పట్టి చేపలు అక్కడే చేరతాయి. అంటే చేప ఉన్న చోటు కళ్లెదుటే ఉంటుంది, వల వేసే వీలు ఉండదు. సర్వే ఓడలు తిరిగే రోజుల్లోనూ, గొట్టాలు పరిచే రోజుల్లోనూ ఆ దారి మొత్తం మూసేస్తారు. చుట్టూ తిరిగి వెళ్లాలంటే డీజిలు, అంతదూరం వెళ్లాక వలలో ఏమీ పడకపోతే ఆ డీజిలు అప్పు. గుజరాత్ రాష్ట్ర పెట్రోలియం సంస్థ తవ్వకాల వల్ల 2012లో వేట పోగొట్టుకున్న పదహారు వేలకు పైగా కుటుంబాలకు డబ్బు అందింది 2019 నవంబరులో, ముమ్మిడివరం మండలం కొమానపల్లిలో పెట్టిన సభలో. నడుమ ఏడేళ్లు. ఓఎన్‌జీసీ గొట్టాల పనికి సంబంధించి 2022 మేలో మురమళ్లలో 23,458 కుటుంబాలకు నెలకు 11,500 రూపాయల లెక్కన నాలుగు నెలలకు 46,000 చొప్పున ఇచ్చారు. ఇచ్చినందుకు సంతోషమే. అయితే ఆ జాబితాలోకి ఎక్కడానికి తాను మత్స్యకారుడినని, ఆ నెలల్లో ఆ నీళ్లలోనే వేటాడేవాడినని ప్రతి ఒక్కరూ చూపించుకోవాలి. నావ లేకుండా ఇంకొకరి నావ మీద వాటాకు వెళ్లేవాడు ఏం చూపిస్తాడు? రేవులో చేపలు కొని తట్టలో పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మే ఆడమనిషి ఏం చూపిస్తుంది? చేప రాని రోజున ఆమె తట్టా ఖాళీయే, కానీ ఆమెది ఏ లెక్కలోనూ వేట కాదు.

నీటి కాలుష్యం విషయంలో ఒక్కసారి మాత్రం తక్కెడ ఇటువైపు కొంత మొగ్గింది. బావిలోంచి గ్యాస్‌తో పాటు భూమి అడుగున యుగాలుగా ఉన్న ఉప్పునీరు కూడా పైకి వస్తుంది. దానిని శుద్ధి చేయాలి, మళ్లీ లోతు పొరల్లోకి పంపాలి. తవ్వేటప్పుడు వాడే రసాయనాల బురదను అడుగున నీరు ఇంకని షీటు పరిచిన గోతుల్లో ఉంచి, తరువాత జాగ్రత్తగా తొలగించాలి. పంట కాలువ మీదా మురుగు కాలువ మీదా ఆధారపడిన డెల్టాలో ఇందులో ఏది తప్పినా అది ఒక్క చేనుతో ఆగదు. ఉభయ గోదావరి జిల్లాల్లో కాలుష్యానికి గాను 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఓఎన్‌జీసీకి 22.76 కోట్ల రూపాయల పరిహారం విధించింది. ఆ ఫిర్యాదును పట్టుకుని కాగితం మీద కాగితం వేస్తూ ఏళ్ల తరబడి తిరిగింది ఒక సామాన్య పౌరుడు. అతను అలసిపోయి ఉంటే ఆ అంకె పుట్టేది కాదు.

అన్నిటికన్నా రుజువు దొరకనిది నేల కుంగుబాటు. మా ప్రాంతంలో ఎవరిని అడిగినా గ్యాస్ తీయడం వల్ల కోనసీమ దిగిపోతోందనే చెబుతారు. నేను అంత సులువుగా చెప్పలేను. డెల్టా నేల దానంతట అదే అణిగే నేల. ఏటా వరద తెచ్చే ఒండ్రు ఆ లోటు పూడ్చాలి. ఎగువన ఆనకట్టలు కట్టాక గోదావరి తెచ్చే ఒండ్రు 1970ల నాటితో పోలిస్తే 1990ల నాటికి సగానికి పైగా తగ్గిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. సముద్రమట్టం పెరుగుతోంది. 2009లో ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు ప్రమాదంలో ఉన్నవాటిలో కృష్ణా గోదావరులను కూడా చేర్చారు. చమురు, గ్యాస్ తీయడం వీటికి తోడయ్యే కారణం కాగలదు. ఇసుకరాతి పొరల్లో గ్యాస్ ఒత్తిడి పైనున్న బరువును కొంత మోస్తుంది, గ్యాస్ పోయాక ఆ పొర అణుగుతుంది. ఇది ఊహ కాదు, భౌతికశాస్త్రం. కోనసీమలో ఎంత దిగింది, అందులో గ్యాస్ వాటా ఎంత అన్నదే ప్రశ్న.

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఈ ప్రశ్నకు జవాబు ఉంది, ఎందుకంటే అక్కడ కొలిచారు. అక్కడ 1959లో గ్యాస్ కనుగొని, 1963 నుంచి తీశారు. నేల 30 సెంటీమీటర్లకు పైగా కుంగింది, చిన్న చిన్న భూకంపాలు మొదలయి ఇళ్ల గోడలు బీటలు వారాయి. మొదట్లో అక్కడి రైతులనూ మా నాన్నగారిని అడిగినట్టే అడిగారు. ఆ బీట గ్యాస్ వల్లనే వచ్చిందని మీరు చూపించండి అన్నారు. 2016 చివర్లో చట్టం మార్చారు. గ్యాస్ క్షేత్రం ప్రభావం ఉన్న ప్రాంతంలో ఆ తరహా నష్టం కనిపిస్తే అది గ్యాస్ వల్లనే జరిగిందని ముందుగా అనుకోవాలి, కాదని చూపవలసింది తీసినవారే. 2024లో ఆ క్షేత్రాన్ని శాశ్వతంగా మూసేశారు. మా క్షేత్రాలను మూయమని నేను అడగడం లేదు. ఆ ఒక్క నియమాన్ని ఇక్కడకు తెమ్మని అడుగుతున్నాను. బొగ్గు, ఇనుము తవ్వే జిల్లాల్లో బాధిత ఊళ్ల కోసం 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. ఆ చట్టంలో ఖనిజం అన్న మాటకు ఇచ్చిన అర్థంలోంచి చమురునూ సహజవాయువునూ మినహాయించడంతో మాకు అదీ లేదు. సముద్రంలో తీసిన గ్యాస్‌పై రాయల్టీ కేంద్రానికి పోతుంది. గ్రామపంచాయతీకి కనీసం తన హద్దులో పోయే గొట్టం వయసెంత, చివరిసారి లోపల ఎప్పుడు తనిఖీ చేశారు, ఏం కనిపించింది అన్న ఒక్క కాగితం ఏటా ఇవ్వడానికి కొత్త నిధి ఏదీ అక్కర్లేదు.

నాన్నగారికి ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. మా తోట చివర మురుగు కాలువ మీద పాతకాలం తూము ఒకటి ఉంది. పోటు సమయంలో సముద్రపు నీరు ఎదురెక్కి అక్కడి దాకా వస్తుంది. నగరం సంఘటన జరిగిన మరుసటి ఏడు నుంచి ఆయన ప్రతి కార్తీక పౌర్ణమికీ పోటు పూర్తిగా ఎక్కే దాకా అక్కడ నిలబడి, నీరు ఆగిన చోట తూము గోడ మీద ఎర్ర పెయింటుతో గీత గీసి పక్కన సంవత్సరం రాస్తున్నారు. గీతలు ఒక ఏడు పైకీ ఒక ఏడు కిందికీ ఉన్నా, మొత్తం మీద పైకే పోతున్నాయి. దాని వల్ల ఏమీ తేలదని, నీరు పెరిగిందో నేల దిగిందో గోడే కుంగిందో ఆ గీత చెప్పలేదని నేను ఆయనకు చెప్పాను. ఆయన బ్రష్షు కిరసనాయిలులో ముంచి కడుగుతూ, "అడిగినప్పుడు ఏదో ఒకటి చూపించాలి కదరా" అన్నారు.